వాన నీటికి దారి వదిలిన వరంగల్ ఎలా ఉంటుంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

గత సంచికలో ‘పాతికేళ్ల తరవాత మన నగరం’ అన్న అంశం మీద ప్రశ్నలు పంపమని పాఠకులను కోరాము. వరంగల్, హనుమకొండ, కాజీపేటల నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన ఉత్తరాలు ఎండల గురించి, మురుగు గురించి, రోడ్ల గురించి, పండుగల గురించి అడిగినా, వాటిలో ఎక్కువ భాగం చివరకు చెరువుల దగ్గరికే చేరాయి. అందువల్ల ఈసారి జవాబులలో నీటికే పెద్దపీట వేశాము.

ప్రశ్న: మా బడిలో పిల్లలను 2050 నాటి వరంగల్ బొమ్మ గీయమంటే అందరూ అద్దాల మేడలు, వాటి మీద చెట్లు, గాలిలో తిరిగే వాహనాలు గీశారు. ఆ బొమ్మలు ఏ దేశపు నగరానికైనా సరిపోతాయి. మన ఊరికి మాత్రమే చెందిన భవిష్యత్తును పిల్లల చేత ఎలా ఊహింపజేయాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, సుబేదారి

జవాబు: ఈసారి మేడల కంటే ముందు చెరువులను గీయించండి. వరంగల్ ప్రాంతం ఒకవైపు గోదావరికి, మరొకవైపు ఆకేరు, మున్నేరుల మీదుగా కృష్ణకు నీటిని పంపే ఎత్తు నేల మీద ఉంది. నగరం మధ్యగా పారే జీవనది లేదు. అడుగున గ్రానైటు రాయి పరుచుకొని ఉండటం వల్ల భూమిలోకి ఇంకే నీటికీ హద్దు ఉంది. ఇటువంటి చోట రాజధాని కట్టుకున్న కాకతీయులు, వారి సామంతులు కురిసిన వానను కురిసిన చోటే పట్టి నిలిపే పనిని రాజ్యపు పనిగా చేపట్టారు. పాకాల, రామప్ప, లక్నవరం ఆ పని నుంచి పుట్టినవే. 1213 నాటి శాసనం ఉన్న రామప్ప గుడికి 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినప్పుడు మనమంతా సంతోషించాము. గుడి పక్కన చెరువు కూడా ఉందని, కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు ఆ రెండింటినీ కలిపే తలపెట్టాడని పిల్లలకు చెప్పినప్పుడే ఆ కట్టడం వెనక ఉన్న ఆలోచన పూర్తిగా అర్థమవుతుంది.

గొలుసుకట్టు చెరువు ఎలా పనిచేస్తుందో ఒకసారి పిల్లలకు దగ్గరగా చూపించండి. చెరువు కట్టకు ఒక చివర, కట్ట ఎత్తు కంటే కొంత తక్కువగా, రాతితో కట్టిన మత్తడి ఉంటుంది. నీరు కట్టను తాకి కోసే మట్టానికి రాకముందే మత్తడి దుంకుతుంది, అక్కడి నుంచి వాగులో పడి దిగువ చెరువుకు చేరుతుంది, అది నిండితే దాని మత్తడి నుంచి మరో చెరువుకు పోతుంది. ఇలా ప్రతి చెరువూ వరదను కొంతసేపు ఆపి, వేగం తగ్గించి, మిగిలిన నీటినే కిందికి వదులుతుంది. మత్తడి ముందున్న దారిని ఎవరైనా గోడ కట్టి మూసేస్తే నీరు ఆగదు. కట్టలో బలహీనమైన చోటును వెతుక్కుంటుంది. పదేళ్ల పిల్లవాడికి కూడా అర్థమయ్యే ఈ సంగతే నగర ప్రణాళికకు మొదటి పాఠం కావాలని మా అభిప్రాయం.

ఖాళీ కాగితం మీద ముందుగా ధర్మసాగరం, వడ్డేపల్లి, భద్రకాళి చెరువులను, పిల్లల ఇళ్ల దగ్గరి చిన్న కుంటలను గుర్తించమనండి. తరవాత ఒక చెరువు నుంచి మరో చెరువుకు నీరు ఏ దారిన పోతుందో గీయమనండి. 2020 ఆగస్టులో, 2023 జులైలో తమ వీధిలో నీరు ఎంత ఎత్తున నిలిచిందో ఇంట్లో పెద్దలను అడిగి, ఆ చోట్లకు రంగు వేయమనండి. ఇళ్లు, బడులు, రోడ్లు, బజార్లు ఎక్కడ ఉండాలో ఆ తరవాతే నిర్ణయించమనండి. అప్పుడు వచ్చే బొమ్మ మరే నగరానికీ సరిపోదు.

ఇది పాతకాలపు ఆలోచన అని ఎవరైనా అంటే వారికి కోపెన్‌హాగన్ సంగతి చెప్పండి. 2011 జులై 2న రెండు గంటల వ్యవధిలో కురిసిన కుండపోత వానకు ఆ నగరం మునిగిపోయింది. మరుసటి ఏడాదే అక్కడి వారు ఒక ప్రణాళిక వేసుకొని, పార్కులను, ఆటస్థలాలను, కొన్ని వీధులను వాన రోజున నీరు పట్టి నిలిపే గుంటలుగా మలచడం మొదలుపెట్టారు. మన కుంటలు చేసే పనిని వాళ్లు కొత్తగా నిర్మించుకుంటుంటే, ఉన్న కుంటలను మనం పూడ్చుకుంటూ రావడం బాధ కలిగిస్తుంది.

ప్రశ్న: మేము హంటర్ రోడ్డు వైపు ఒక కాలనీలో ప్లాటు కొని ఇల్లు కట్టుకున్నాము. 2020లోను, 2023లోను ఇంట్లోకి నడుము లోతు నీరు వచ్చింది. 2025 అక్టోబరులో మొంథా తుపాను వానకు మళ్లీ భయపడుతూ మేడ మీద కూర్చున్నాము. నాలాలను వెడల్పు చేసి, రెండు పక్కలా ఎత్తయిన గోడలు కడితే ఈ బాధ తీరుతుందా? తీరకపోతే మాలాంటివారు ఏం చేయాలి?
– ఒక విశ్రాంత ఉద్యోగి, హనుమకొండ

జవాబు: కొంతవరకు తీరుతుంది, పూర్తిగా తీరదు. ఇరుకైన వంతెనలను తొలగించి ఎత్తయినవి కట్టడం, పూడిక తీయడం, ఆక్రమణలను తొలగించడం అవసరమైన పనులే. నయీంనగర్ నాలా మీద పాత వంతెన స్థానంలో కొత్తది కట్టడం అటువంటి పని. అయితే నాలాను కాంక్రీటు గోడల మధ్య బిగించినప్పుడు నీటి వేగం పెరుగుతుంది, మీ కాలనీలో ఆగని వరద మరింత తొందరగా దిగువ కాలనీ మీద పడుతుంది. మీ కష్టం మరొకరి గడపకు మారితే దానిని పరిష్కారం అనలేము.

ఒక చిన్న లెక్క చూడండి. ఎకరం నేల మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు నాలుగు లక్షల లీటర్ల నీరు అవుతుంది. అది పొలంగా ఉన్నప్పుడు గట్ల మధ్య కొంత నిలిచేది, కొంత ఇంకేది, మిగిలినది మెల్లగా వాగులో కలిసేది. అదే ఎకరం స్లాబులు, సీసీ రోడ్లు, టైల్స్ వేసిన వాకిళ్లతో నిండిపోతే దాదాపు ఆ నీరంతా గంటలోపే నాలాకు చేరుతుంది. వందల ఎకరాలు ఒకేసారి ఇలా మారినప్పుడు పాతకాలపు వాగు ఆ భారాన్ని మోయలేదు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటలలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదయింది. ఆ వాన నగరం నడిబొడ్డున పడితే దానిని మోయగల నాలా ప్రపంచంలో ఏ ఇంజనీరూ కట్టలేడు. అదే నెల 29న పోతననగర్ వైపు భద్రకాళి చెరువు కట్టకు గండి పడిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అందుకే నీటిని పంపేయడం గురించి ఎంత ఆలోచిస్తున్నామో, నీటిని నిలపడం గురించి అంతకంటే ఎక్కువ ఆలోచించాలి. ఎగువన ఉన్న చెరువులలో పూడిక తీసి వానాకాలం రాకముందే కొంత ఖాళీ ఉంచడం, మిగిలిన కుంటలను కాపాడటం, బడుల ఆవరణలను, పార్కులను రోడ్డు మట్టం కంటే కొంచెం లోతుగా ఉంచడం ఇందులోకి వస్తాయి.

చట్టం మీకు కొంత అండగా ఉంది. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన విస్తీర్ణం ఉన్న చెరువు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్ల వరకు, అంతకంటే చిన్న చెరువుకు 9 మీటర్ల వరకు కట్టడాలు ఉండకూడదు. పది మీటర్లకు మించిన వెడల్పు గల వాగుకు, నాలాకు 9 మీటర్లు, అంతకంటే ఇరుకైన వాటికి 2 మీటర్లు వదలాలి. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఎఫ్‌టీఎల్ అని మనం పిలిచే ఆ హద్దు కాగితం మీద ఉంటుంది కానీ చాలా చోట్ల నేల మీద రాయి రూపంలో కనిపించదు. పైగా చెరువు లోపలి శిఖం భూములలో కొన్నింటికి పట్టాలున్నాయి. నీరు తగ్గినప్పుడు సాగు చేసుకోవడానికే ఆ పట్టా. ఇల్లు కట్టుకోవడానికి కాదు. ఈ తేడా కొనేవారికి తెలియదు, అమ్మేవారు చెప్పరు. మీ కాలనీవారు కలిసి సమాచార హక్కు చట్టం కింద పాత రెవెన్యూ నక్ష, దగ్గరలోని చెరువు ఎఫ్‌టీఎల్ పటం నకళ్లు కోరండి. దరఖాస్తుకు పది రూపాయల రుసుము చాలు, ముప్పై రోజులలో సమాధానం రావాలి. మీ వీధి ఎక్కడుందో, వాగు అసలు వెడల్పు ఎంతో తెలిసిన తరవాత మీ విజ్ఞాపనకు బలం వస్తుంది.

ఈ సందర్భంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆక్రమణల తొలగింపు అనగానే మొదట నాలా ఒడ్డున రేకుల ఇళ్లలో ఉండే కూలీల మీదికి యంత్రాలు వెళ్తాయి. వారు అక్కడ ఉన్నది ఆశతో కాదు, పనికి దగ్గరగా మరో చోటు దొరకక. వారికి నగరంలోనే, పని చేసుకొనే చోటుకు నడిచి వెళ్లగలిగే దూరంలో ఇల్లు ఇచ్చిన తరవాతే ఆ స్థలాన్ని నీటికి అప్పగించాలి. మీలాగా తెలియక కొన్నవారి విషయంలోను, స్థలానికి బదులు, మరోచోట అదనంగా కట్టుకోవడానికి లేదా అమ్ముకోవడానికి వీలిచ్చే టీడీఆర్ అనే అభివృద్ధి హక్కుల పత్రం ఇచ్చే పద్ధతి రాష్ట్రంలో ఇప్పటికే ఉంది. వాగు హద్దులోని అత్యంత పల్లపు ఇళ్లను బలవంతం లేకుండా, క్రమంగా ఖాళీ చేయించడానికి దానిని ఉదారంగా వాడవచ్చు. అంతవరకు మీ ఇంట్లో కరెంటు మీటరును, స్విచ్ బోర్డులను 2023 నాటి నీటి గుర్తుకు పైకి మార్పించండి, సంపు మూతకు నీరు చొరబడని బిగింపు వేయించండి, ఇంటి పత్రాలను పై అంతస్తులో ఉంచండి.

ప్రశ్న: మాది 120 గజాల స్థలంలో ఒక అంతస్తు స్లాబు ఇల్లు. ఏప్రిల్, మే నెలలలో రాత్రి పన్నెండు దాటినా గోడలు సెగలు కక్కుతాయి. బోరులో ఫిబ్రవరికే నీరు అడుగంటుతుంది. పెద్ద ప్రణాళికలు ప్రభుత్వం చూసుకుంటుంది. మా ఒక్క ఇంటి డాబా మీద ఏం చేయవచ్చో చెప్పండి.
– ఒక గృహిణి, కరీమాబాద్

జవాబు: అమ్మా, మీ డాబా చాలా చేయగలదు. మొదట తక్కువ ఖర్చుతో అయ్యే పని చెబుతాము. మార్చి మొదటి వారంలోపు స్లాబును శుభ్రంగా కడిగి, పగుళ్లు పూడ్పించి, చలువ సున్నం రెండు పూతలు వేయించండి. తెల్లని పూత ఎండను తిప్పి పంపుతుంది కాబట్టి స్లాబు పగలంతా వేడిని దాచుకొని రాత్రి గదిలోకి వదలడం తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. 600 గజాలలోపు ఇళ్లకు అది తప్పనిసరి కాదు, కానీ నిజంగా అవసరం మీలాంటి చిన్న ఇళ్లకే, అంతకంటే రేకుల ఇళ్లకు. ఏసీ గురించి మీరు అడగలేదు, అయినా ఒక మాట: ఇరుకు సందులో ఒక ఏసీ బయటికి తోసే వేడి ఎదురింటి కిటికీలోకి పోతుంది. వీధంతా సున్నం వేసుకుంటే వీధంతటికీ మేలు.

ఇక నీరు. 120 గజాలంటే సుమారు 100 చదరపు మీటర్లు. ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన పడిందనుకుంటే మీ స్థలం మీద 90 వేల లీటర్లు కురుస్తుంది. ఆవిరయ్యేది, పొంగిపోయేది తీసేసినా 70 వేల లీటర్ల పైచిలుకు మిగులుతుంది. రోజుకు 400 లీటర్లు వాడే నలుగురు మనుషుల కుటుంబానికి ఇది దాదాపు ఆరు నెలల వాడకం. దీనిని మొత్తం నిల్వ చేసుకునే తొట్టి మీ స్థలంలో పట్టదు, అందువల్ల భూమిలోకి పంపడమే మార్గం. డాబా పైపులను ఒకచోటికి కలిపి, మొదటి ఒకటి రెండు వానల మురికి నీటిని బయటికి వదిలేసి, తరవాతి నీటిని ఇంకుడు గుంతకు మళ్లించండి. పై మట్టి పొర కాకుండా మొరం తగిలే దాకా గుంత తవ్వించాలి. బంకమట్టిలో ఆపేస్తే నీరు నిలిచి దోమలు చేరుతాయి. అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆ పైన దొడ్డు ఇసుక వేసి, ఏటా వానలకు ముందు ఇసుక పొరను కడిగించండి. సెప్టిక్ ట్యాంకుకు వీలైనంత దూరంగా ఉండేలా చూడండి. ఒక్క ఇంటి గుంతతో మీ బోరు నిండుతుందని మేము చెప్పలేము, ఎందుకంటే మీరు ఇంకించిన నీరు మీ హద్దులో ఆగదు; వాడకట్టులో పది ఇళ్లు చేసినప్పుడు తేడా తెలుస్తుంది.

డాబా మీద నీడ పడని చోటు రెండు వందల చదరపు అడుగులు ఉంటే సౌర పలకల గురించి కూడా ఆలోచించండి. ఒక కిలోవాటుకు రోజుకు సగటున నాలుగు యూనిట్ల కరెంటు వస్తుంది. 2024లో మొదలైన కేంద్ర పథకం కింద రెండు కిలోవాట్లకు 60 వేల రూపాయలు, మూడు కిలోవాట్లు, ఆపైన 78 వేల రూపాయల రాయితీ ఇస్తున్నారు. డబ్బు ఒకేసారి కుదరకపోతే ముందు సున్నం, తరవాత గుంత, ఆ తరవాత పలకలు అనే వరుస పాటించండి.

ప్రశ్న: నగరానికి దిగువన ఉన్న మా ఊరి చెరువులోకి ఏళ్లుగా మురుగు వస్తోంది. చెరువంతా గుర్రపు డెక్క కమ్మేసింది, చేపలు చచ్చి తేలుతున్నాయి. పాతికేళ్ల తరవాత నగరం బాగుంటుంది సరే, మా ఊరు ఏమవుతుంది?
– ఒక రైతు, హనుమకొండ జిల్లా

జవాబు: మీ ప్రశ్న ఈ నెల వచ్చిన వాటన్నింటిలో మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది. ధర్మసాగరానికి గోదావరి నీరు దేవాదుల ఎత్తిపోతల ద్వారా, దిగువ మానేరు నీరు కాకతీయ కాలువ ద్వారా వచ్చి నగరం దాహం తీరుస్తున్నాయి. అంత ఖర్చుతో, అంత కరెంటుతో ఎత్తి తెచ్చిన నీటిని ఒకసారి వాడి, మురికి చేసి, మీ చెరువులోకి వదిలేసే నగరం ఎంత పచ్చగా కనిపించినా దాని భవిష్యత్తు నిలకడైనది కాదు. దిగువ ఊరి చెరువులో నీటి రంగు చూసిన తరవాతే ఆ నగరానికి ఏ బహుమతైనా ఇవ్వాలి.

మురుగును ఎక్కడికక్కడ శుద్ధి చేసే చిన్న కేంద్రాలు ప్రతి నాలా చెరువులో కలిసే చోట ఉండాలి. శుద్ధి అయిన నీరు మీ ఆయకట్టుకు ఎరువు గుణం ఉన్న నీరే అవుతుంది. కోల్‌కతా తూర్పు శివార్లలోని తడినేలలలో మత్స్యకారులు తరతరాలుగా నగరపు మురుగునీటిని లోతు తక్కువ చెరువులలో ఎండకు నిలిపి, ఆ నీటిలోనే చేపలు పెంచుతున్నారు. 12,500 హెక్టార్ల ఆ ప్రాంతానికి 2002లో, ముఖ్యమైన తడినేలలకు అంతర్జాతీయంగా ఇచ్చే రామ్‌సార్ గుర్తింపు వచ్చింది. కానీ ఫ్యాక్టరీల రసాయనాలు, ఆసుపత్రుల వ్యర్థాలు కలిసిన నీటికి ఆ పద్ధతి పనికిరాదు. కాబట్టి వాటిని పుట్టిన చోటే ఆపాలి. సెప్టిక్ ట్యాంకుల బండ్లు రాత్రిపూట వాగులో గుమ్మరించకుండా అమ్మవారిపేట దగ్గరి శుద్ధి కేంద్రానికే పోయేలా చూడటం కూడా ఇందులో భాగమే. అంతవరకు శుద్ధి కాని ఆ నీటితో ఆకుకూరలు, పచ్చిగా తినే కూరగాయలు పండించవద్దని మనవి.

చెత్త సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. అదీ చివరకు నాలా అడుగునే చేరుతుంది. ఇళ్ల చెత్తలో దాదాపు సగం తడి చెత్త. దానిని ఇంట్లోనే వేరు చేస్తే రాంపూర్ డంపింగ్ యార్డుకు పోయే భారం సగానికి తగ్గుతుంది. 2012 అక్టోబరులో ఇదే నగరం ఇంటింటికీ వెళ్లి తడి, పొడి చెత్త వేరుచేసే పోటీని నిర్వహించి దేశం దృష్టిలో పడింది. చేతకాని పని కాదని అప్పుడే రుజువైంది. ఏటా కొనసాగించకపోవడమే లోపం.

ప్రశ్న: వరంగల్‌కు మెట్రో వస్తేనే అభివృద్ధి అని మిత్రులు అంటున్నారు. మీ అభిప్రాయం?
– ఒక విద్యార్థి, కాజీపేట

జవాబు: కాజీపేట, హనుమకొండ, వరంగల్ దాదాపు ఒకే గీత మీద పెరిగిన మూడు ఊళ్లు. ఇలాంటి నగరానికి ఐదు నిమిషాలకు ఒక బస్సు, దానికి ప్రత్యేకమైన వరుస, స్టాపులో నీడ, స్టాపుదాకా నడిచే కాలిబాట ఉంటే చాలా ప్రయాణాలు సాఫీగా సాగుతాయి. ఖర్చు తక్కువ, పని తొందరగా అవుతుంది. అది చేసి చూసిన తరవాత కూడా బస్సులు సరిపోకపోతే మెట్రో గురించి మాట్లాడుకోవచ్చు.

ప్రశ్న: మా చిన్నప్పుడు బతుకమ్మకు గునుగు, తంగేడు ఊరి చివర చేలలో ఏరుకొచ్చేవాళ్లం. ఇప్పుడు బజారులో కట్టల లెక్కన కొంటున్నాము. నగరం పెరిగే కొద్దీ ఈ పూలు మాయమైపోవలసిందేనా? చెరువు కట్టల మీద వాటిని పెంచవచ్చా?
– ఒక పాఠకురాలు, కాశిబుగ్గ

జవాబు: మాయమైపోవలసిన అవసరం లేదు. గునుగు చేలలోను, బీడు నేలలలోను తనంతట తాను మొలిచే మొక్క. కలుపు మందుల వాడకం పెరిగాక చేలలోంచి, ప్లాట్లు వేశాక బీళ్లలోంచి తప్పుకుంది. తంగేడు రాష్ట్ర పుష్పమే అయినా ఖాళీ నేల లేకపోతే దానికీ చోటు లేదు. నగర పటంలో ‘ఖాళీ’ అని చూపే స్థలం నిజానికి ఖాళీ కాదని, అక్కడ వాన ఇంకుతుందని, పశువులు మేస్తాయని, పండుగ పూలు పూస్తాయని ప్రణాళిక వేసేవారు గుర్తించాలి. వాగు వెంట చట్టం వదలమన్న 9 మీటర్ల పట్టీని కాంక్రీటు నడక దారిగా మార్చకుండా ఇటువంటి మొక్కలకు ఇస్తే వరద వచ్చినా నష్టం ఉండదు, ఆశ్వయుజంలో ఆడపడుచులకు పూలు దొరుకుతాయి. సద్దుల బతుకమ్మకు పద్మాక్షి గుండంలోకి చేరే పూలలో ప్లాస్టిక్ పూలు, థర్మోకోల్ పళ్లేలు కలవకుండా చూసుకుంటే మరుసటి రోజు తీసిన పూలన్నీ మంచి ఎరువు అవుతాయి.

చెరువు కట్ట విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. మట్టికట్ట మీద మర్రి, రావి, వేప వంటి పెద్ద చెట్లు నాటకూడదు. వాటి వేర్లు కుళ్లిన చోట సొరంగాల్లాంటి దారులు ఏర్పడి నీరు ఊరుతుంది, గండికి అదే మొదలు. గునుగు వంటి చిన్న మొక్కలకు, గడ్డికి ఆ ఇబ్బంది లేదు. తంగేడును కట్ట కింద, దిగువ అంచుకు కొన్ని గజాలు వదిలి వేసుకోవచ్చు. తొలకరికి ముందు విత్తనాలు చల్లండి. మత్తడికి, తూముకు దగ్గరలో ఏమీ వేయవద్దు, ఎందుకంటే అక్కడ ఊట మొదలైతే కంటికి కనిపించాలి.